కొండ దేన్ని ఆపుతుంది?



మన ట్రస్టు స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలలో ఫిజిక్సు ప్రశ్నలు అడిగే పని కొన్నేళ్లుగా నాకు అప్పగిస్తున్నారు. సైన్సు గ్రూపు పిల్లలు ఎవరు వచ్చినా నేను ఒకే ప్రశ్నతో మొదలుపెడతాను. "ఎలక్ట్రానుకూ ప్రోటానుకూ తేడా ఏమిటి?" జవాబు తడుముకోకుండా వస్తుంది. "ఎలక్ట్రానుది ఋణావేశం, ప్రోటానుది ధనావేశం సార్. ప్రోటాను 1836 రెట్లు బరువు. ప్రోటాను కేంద్రకంలో ఉంటుంది, ఎలక్ట్రాను బయట తిరుగుతుంది." అంతా సరిగ్గానే ఉంది. "అయితే ఏమయింది? 1836 కాకుండా 200 అయివుంటే ఏం మారేది?" అని అడిగితే మాత్రం గదిలో నిశ్శబ్దం.

ఆ పిల్లలను తప్పుపట్టడానికి నాకు అర్హత లేదు. అదే పట్టికను బోర్డు మీద గీసి, అదే మూడు గడులు నింపి, ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి నేను. 2015లో మా బావ (మా అక్కగారి భర్త) ఒక ప్రశ్న అడిగేదాకా ఆ గడులకు బయట ఏముందో నేనూ ఆలోచించలేదు.

అప్పుడు మన ఊళ్లో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఒకటే మాట, న్యూట్రినో. పొట్టిపురం దగ్గర అంబరప్పర్ కొండ కింద సుమారు 2 కిలోమీటర్ల సొరంగం తవ్వి, లోపల పరిశోధనశాల కడతారని 2010 నుంచి వింటూనే ఉన్నాం. 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం దాదాపు 1,500 కోట్ల రూపాయల ఖర్చుకు ఒప్పుకోవడంతో ఆ మాట ప్రతి ఇంటికీ చేరింది. మా బావకు ఆ వైపు కొండకింద చేను ఉంది. మడి దగ్గర కూర్చుని నన్ను అడిగాడు.

"ఏం వాద్యారూ, కొండ పైన కట్టకుండా కొండ లోపలికి ఎందుకు పోతారంట?"

"ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు పడతాయి బావా. వాటిని ఆపాలి. కొండ ఆపుతుంది."

"ఆ న్యూట్రినోను ఆపదా?"

"ఆపదు."

"ఒకదాన్ని ఆపి ఇంకొకదాన్ని ఎట్లా వదులుతుంది? రాయికి ఏం తెలుసు, ఎవరు ఎవరని?"

నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను. పేపర్లో చదివింది తప్ప నా దగ్గర సరుకు లేదు. "మళ్లీ చెప్తా బావా" అని లేచి వచ్చేశాను. చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆయనకు చెప్పిందే ఇక్కడ మీకోసం రాస్తున్నాను.

ముందు బరువు. శాస్త్రంలో ద్రవ్యరాశి అనాలి, మన మాటకు బరువు చాలు. మన బోడి ఏలకుల వేలం చూడనివాళ్లు ఉండరు కదా. 50 కిలోల ఏలకుల మూట ఒక ప్రోటాను అనుకోండి. అందులోంచి గుప్పిట్లో 27 గ్రాములు తీస్తే అది ఎలక్ట్రాను. లెక్క వేసి చూసుకోండి, 1836 రెట్లే వస్తుంది. 60 కిలోల మనిషి ఒంట్లో ఉన్న ఎలక్ట్రాన్లన్నిటినీ కలిపి తూచగలిగితే 20 గ్రాములు కూడా తూగవు. మిగతా బరువంతా ప్రోటాన్లది, వాటి తోటి న్యూట్రాన్లది.

ఇక ఆవేశం. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మాటవరసకు పిల్లలు చెప్పేసి దాటిపోతారు, నేనూ దాటిపోయేవాణ్ణి. బరువులో ఇంత తేడా ఉన్న రెండింటికీ ఆవేశం పరిమాణం మాత్రం ఖచ్చితంగా ఒకటే, గుర్తు ఒక్కటే వేరు. ఎంత ఖచ్చితం అంటే, ఒకటి పక్కన ఇరవై సున్నాలు పెట్టి అన్ని వంతులు చేస్తే అందులో ఒక వంతు తేడా కూడా ఇప్పటిదాకా చేసిన కొలతల్లో కనబడలేదు. ఆ సమానత్వం కాస్త తప్పినా మనం కూర్చున్న బండరాయికీ మనకూ మధ్య విద్యుత్తు తోపులాట మొదలయ్యేది. ఇంతటి పొందిక ఎందుకు వచ్చిందన్నది నేటికీ శాస్త్రజ్ఞులు వెతుకుతున్న విషయమే.

ఇంటిలో తెలుగు, బడిలో తమిళం లేక ఇంగ్లీషు మన పిల్లలది కాబట్టి ఒక మాట చెప్పాలి. తెలుగులో ఋణావేశం అన్నంత మాత్రాన ఎలక్ట్రాను ఏదో అప్పుపడిందని కాదు. తమిళ పుస్తకంలో 'నేర్', 'ఎదిర్' అంటారు, అది కొంత నయం. ప్లస్, మైనస్ అన్న పేర్లు 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టినవి. అప్పటికి ఎలక్ట్రాను సంగతి ఎవరికీ తెలియదు. జె.జె. థామ్సన్ దాన్ని గుర్తించింది 1897లో. ప్రోటానును రూథర్‌ఫర్డ్ గుర్తించింది 1919లో. ఫ్రాంక్లిన్ తిరగేసి పెట్టివుంటే నేడు ఎలక్ట్రాను ప్లస్ అయ్యేది, ప్రపంచంలో ఇంకేమీ మారేది కాదు.

మూడో గడి నడవడిక. పరీక్షకు ఒక లైను రాస్తే మార్కు పడుతుంది. అసలు కథంతా ఇక్కడే ఉంది.

ఎలక్ట్రాను తేలిక కాబట్టి దాన్ని ఎవరైనా లాగవచ్చు. ఒకే వోల్టేజి కింద వదిలితే ప్రోటాను కంటే సుమారు 43 రెట్లు వేగం అందుకుంటుంది. అయస్కాంతం మధ్య ఒకే వేగంతో పంపితే ఎలక్ట్రాను చిన్న గుండ్రంగా తిరిగిపోతుంది, ప్రోటాను 1836 రెట్లు పెద్ద వలయంలో, అదీ ఎదురు దిక్కుగా వంగుతుంది. కరెంటు తీగలో కదిలేది ఎలక్ట్రాన్లే. రాగి కేంద్రకాల్లోని ప్రోటాన్లు ఉన్నచోటే ఉంటాయి. ఉప్పు కరగడం, ఇనుము తుప్పు పట్టడం, పొయ్యి మండడం, అన్నీ ఎలక్ట్రాన్ల బేరసారాలే. వాటిలో ప్రోటాన్ల లెక్క మారదు.

ఇంకొక తేడా ఉంది. ఎలక్ట్రానుకు లోపల భాగాలు ఉన్నట్టు ఇంతవరకు ఏ ప్రయోగంలోనూ కనబడలేదు. ప్రోటాను అట్లా కాదు, అది ఒక ఉమ్మడి కుటుంబం. క్వార్కులు అనే మూడు కణాలు లోపల ఉంటాయి. రెండింటికి మూడింట రెండు వంతుల ధనావేశం, ఒకదానికి మూడింట ఒక వంతు ఋణావేశం. కూడితే సరిగ్గా ప్లస్ ఒకటి. ఆ మూడింటి సొంత బరువు కలిపినా ప్రోటాను బరువులో నూటికి ఒక పాలు దాటదు. తక్కినదంతా వాటిని బిగించి ఉంచే బలమైన కేంద్రక బలం తాలూకు శక్తి. పిడికిలి బిగువే బరువుగా తూగుతోందన్నమాట. ఎలక్ట్రానుకు ఈ బలమైన కేంద్రక బలంతో సంబంధమే లేదు. కొండ దగ్గరికి వెళ్లాక ఇదే పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

పరమాణువు లోపల ఎంత ఖాళీయో కూడా చెప్పాలి. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటానును ఒక ఏలకి గింజంత చేశామనుకోండి. ఎలక్ట్రాను ఉండే చోటు అక్కడి నుంచి సుమారు 95 మీటర్ల దూరంలో ఉంటుంది. మన పిల్లలు స్కూలు మైదానంలో పరుగెత్తే నూరు మీటర్లకు కొంచెం తక్కువ. కొండ రాయి కూడా ఇట్లాంటి ఖాళీతోనే తయారైంది. అంత ఖాళీ ఉన్నప్పుడు దూసుకొచ్చే కణాన్ని ఆపేది ఏమిటి?

రెండే ఆపుతాయి. ఒకటి విద్యుత్తు బలం, ఆవేశం ఉన్నవాటిని పట్టుకుంటుంది. రెండోది బలమైన కేంద్రక బలం, ప్రోటాను లాంటి ఉమ్మడి కుటుంబాలను మాత్రమే పట్టుకుంటుంది. రాయికి ఎవరు ఎవరని తెలియక్కర్లేదు. వచ్చేవాడి దగ్గర ఏముందో దాన్నిబట్టి పట్టు పడుతుంది.

ఆకాశం నుంచి మన మీదికి వచ్చే కాస్మిక్ కిరణాలలో ఎక్కువ భాగం, పదింట తొమ్మిది వంతుల వరకు, ప్రోటాన్లే. ఎలక్ట్రాన్లు నూటికి ఒకటి చొప్పున ఉంటాయి. ఆ ప్రోటాను మన తలమీద 15, 20 కిలోమీటర్ల ఎత్తులో గాలి పరమాణువు కేంద్రకాన్ని ఢీకొంటుంది. పట్టేది బలమైన కేంద్రక బలం. ఆ దెబ్బకు పయాన్లు అనే కొత్త కణాలు పుడతాయి. అవి కన్నుమూసి తెరిచేలోగా విరిగి మ్యూవాన్, న్యూట్రినో అవుతాయి. ఏదైనా ప్రోటాను గాలిని దాటి రాయి దాకా వచ్చిందే అనుకుందాం. కొన్ని మీటర్ల రాయిలో కేంద్రకాలను ఢీకొని దాని కథ ముగుస్తుంది.

ఎలక్ట్రాను ఆగే కారణం పూర్తిగా వేరు. అది కేంద్రకాన్ని ఢీకొననక్కర్లేదు. తేలిక కాబట్టి కేంద్రకం పక్కగా పోతేనే దాని దారి వంకరపోతుంది. ఆవేశం ఉన్న కణం అట్లా కుదుపుకు గురైతే కాంతి రూపంలో శక్తిని చిమ్ముతుంది. ఎక్స్‌రే మిషన్లో జరిగేది ఇదే. ఒక జానెడు రాయిలోనే వేగమైన ఎలక్ట్రాను తన శక్తిలో చాలా భాగం ఇట్లా పారబోసుకుంటుంది. మొత్తం మీద దానికీ కొన్ని మీటర్లు చాలు. ప్రోటాను ఇట్లా పారబోయదు, బరువు దాన్ని కాపాడుతుంది. అయితే బలమైన కేంద్రక బలం నుంచి ఆ బరువు దాన్ని కాపాడలేదు.

నేను బావకు చెప్పలేకపోయింది ఇక్కడే. ఎలక్ట్రానుకూ ప్రోటానుకూ కొన్ని మీటర్ల రాయి చాలుగదా, మరి తలమీద కిలోమీటరుకు పైగా కొండ ఎందుకు?

మ్యూవాన్ కోసం. ఇది ఎలక్ట్రానుకు అన్న లాంటిది. ఆవేశం అదే, బలమైన కేంద్రక బలంతో సంబంధం లేకపోవడం అదే, అన్నీ తమ్ముడివే. బరువు ఒక్కటి 207 రెట్లు ఎక్కువ. పట్టికలో ఒక్క గడి మారిందంతే. ఆ ఒక్క గడికి ఎంత ఫలితమో చూడండి. కుదుపులో శక్తి పారబోసుకోవడం బరువు వర్గాన్ని బట్టి తగ్గుతుంది, అంటే 207ను 207తో గుణించాలి, సుమారు 43,000 రెట్లు తక్కువ. తమ్ముడు జానెడు రాయిలో చతికిలబడితే అన్న వందల మీటర్లు చొచ్చుకుపోతాడు. ఇప్పుడు మీ అరచేయి చాపండి. సెకనుకు దాదాపు ఒక మ్యూవాన్ దానిలోంచి పోతూ ఉంటుంది. ఇంటి కప్పు ఆపదు. గుడి గోపురం ఆపదు. బోడి మేర్కు కొండ లాంటిది 1.2 కిలోమీటర్లు అడ్డం ఉంటే పది లక్షల్లో ఒకటి మాత్రం మిగులుతుంది.

న్యూట్రినోకు ఆవేశం లేదు, కాబట్టి విద్యుత్తు పట్టదు. బలమైన కేంద్రక బలం తెలియదు, కాబట్టి అదీ పట్టదు. బరువు లేదనవచ్చు, అంత తక్కువ. సూర్యుడి నుంచి మన బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు సుమారు 6,500 కోట్ల న్యూట్రినోలు పోతున్నాయి, పగలే కాదు, రాత్రి భూమిని దాటుకుని కింది నుంచి కూడా. కొండ వాటికి అడ్డమే కాదు. ఎప్పుడో ఒకటి బలహీన బలం అనే మూడో పట్టుకు దొరుకుతుంది. దాన్ని చూడాలంటే మిగతా సందడి అణగాలి. పెళ్లిపందిట్లో మేళం మోగుతుంటే పక్కవాడి గుసగుస వినబడదు గదా, అందుకే కొండ లోపలికి.

దొరికినదాన్ని గుర్తుపట్టడానికి వేసిన ప్రణాళిక కూడా మన ప్లస్, మైనస్ పాఠమే. దాదాపు 50,000 టన్నుల ఇనుము, 5.6 సెంటీమీటర్ల మందం పలకలుగా, 151 వరసలు, మధ్యమధ్య కణాలను పసిగట్టే పెట్టెలు. ఇనుమంతా అయస్కాంతం. న్యూట్రినో ఇనుములో దొరికితే ఋణావేశపు మ్యూవాన్ పుడుతుంది, దాని ప్రతికణం దొరికితే ధనావేశపు మ్యూవాన్. ఒకటి ఇటు వంగుతుంది, ఒకటి అటు వంగుతుంది. ఏది ఎన్నిసార్లు వంగిందో లెక్కపెడితే మూడు రకాల న్యూట్రినోలలో ఏది బరువు, ఏది తేలిక అన్న వరుస తెలుస్తుందని ఆశ. ఇందులో న్యూట్రినోలను తయారుచేసేది ఏదీ లేదు. గాలిలో వాటంతట అవి పుట్టినవాటినే చూడాలని.

మనవాళ్లు ఇది చేయగలరా అని అప్పట్లో కొందరు వెక్కిరించారు. వాళ్లకు కోలారు తెలియదు. తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినబడిన ఆ బంగారు గనుల్లో, నేలకు 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో గాలిలో పుట్టిన న్యూట్రినోల జాడను ప్రపంచంలో మొట్టమొదట పట్టినవాళ్లలో మన దేశపు బృందం ఉంది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి చేసిన పని అది. ఆ పరిశోధన పత్రంలో ఎం.జి.కె. మేనన్, బి.వి. శ్రీకంటన్‌లతో పాటు పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం పేర్లు ఉన్నాయి. దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇంకొక బృందం అదే సంవత్సరం అదే పని చేసింది.

కోలారులోనే 1980 చివర ఇంకొక ప్రయోగం మొదలైంది. అది నేరుగా మన ప్రోటాను గురించే. ఎలక్ట్రాను విరిగిపోవడానికి వీల్లేదు, దానికంటే తేలికై ఆవేశం ఉన్న కణం లేదు. ప్రోటాను సంగతి అంత గట్టిగా చెప్పలేం, ఎప్పటికైనా విరగవచ్చునని కొన్ని సిద్ధాంతాలు అంటాయి. 140 టన్నుల ఇనుము పేర్చి, ఒక్క ప్రోటానైనా విరుగుతుందా అని గనిలో కాపలా కాశారు. అనుమానం కలిగించే గుర్తులు కొన్ని కనబడ్డాయని ప్రకటించారు కూడా. జపానులోని ఇంకా పెద్ద ప్రయోగాలు వాటిని బలపరచలేదు. ఇప్పటి లెక్క ప్రకారం ప్రోటాను ఆయుస్సు, అది ఏ దారిన విరుగుతుందన్నదాన్ని బట్టి, ఒకటి పక్కన 34 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలకు తక్కువ కాకపోవచ్చు. ప్రోటాను చావు చూడాలని 1983లో కట్టిన జపాను కమియోకా ప్రయోగం చివరికి 1987లో పేలిన నక్షత్రం నుంచి న్యూట్రినోలను పట్టింది. వెతికింది ఒకటి, దొరికింది ఒకటి. సైన్సులో ఇది మామూలే, పిల్లలకు పరీక్షల్లో మాత్రం ఇట్లా మార్కులు వేయరు.

మన కొండ కథ ఎక్కడ ఆగిందో కూడా రాయాలి. మొదట నీలగిరిలో సింగార అనుకున్నారు. పులుల అడవి దగ్గరని 2009లో అది కుదరలేదు, మన వైపు వచ్చారు. 2015లో హైకోర్టు మదురై బెంచి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి వచ్చేదాకా పని ఆపమంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని నిలిపివేసింది, 2018లో కేంద్రం మళ్లీ ఇచ్చింది. 2021లో మన పక్కనే శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల అభయారణ్యం వచ్చింది. ఇక్కడ అనుమతించబోమని తమిళనాడు ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టుకు తెలిపింది. సొరంగం తవ్వలేదు. 85 టన్నుల చిన్న నమూనా ఒకటి మాత్రం 2018లో మదురైలో పనిచేయడం మొదలుపెట్టింది. న్యూట్రినోల బరువు వరుస తేల్చడానికి చైనాలో జూనో అనే పెద్ద ప్రయోగం 2025 ఆగస్టులో మొదలైంది. అది వేరే పద్ధతి. అణు రియాక్టర్ల నుంచి వచ్చే ప్రతి న్యూట్రినో ఒక ప్రోటానును తాకినప్పుడు వెలిగే వెలుగును చూస్తుంది.

కావాలన్నవాళ్లలోనూ వద్దన్నవాళ్లలోనూ నాకు తెలిసినవాళ్లున్నారు. "న్యూట్రినో వస్తే పైరు ఎండిపోతుంది" అన్న మాట తప్పు, అది ఎప్పుడూ వస్తూనే ఉంది. "అంతా చదువురానివాళ్ల భయం" అన్న మాట అంతకంటే తప్పు. కొండ పేల్చితే ఊటలు ఏమవుతాయి, ఆ రాయంతా ఎక్కడ పోస్తారు, అడవి జంతువుల దారి ఏమవుతుంది అన్నవి న్యూట్రినోతో సంబంధం లేని నిజమైన ప్రశ్నలు. వాటిని అడిగినవాళ్లకు నాబోటి చదువుకున్నవాళ్లు "అది హానిచేయని కణం" అని జవాబు చెప్పాం. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి.

ఇదంతా బావకు చెప్పడానికి ఒక పూట పట్టింది. ఏలకుల మూట దగ్గర నవ్వాడు. అన్నదమ్ముల పోలిక బాగా నచ్చింది. చివరికి అడిగాడు.

"సరే వాద్యారూ, కొండ దేన్ని ఆపుతుందో తెలిసింది. మరి నా బావిలో నీళ్లు ఆ కొండలోంచేగదా వచ్చేది. సొరంగం పడితే వస్తాయా, రావా?"

"అది ఫిజిక్సు కాదు బావా. భూగర్భశాస్త్రం చదివినవాళ్లను అడగాలి."

"మనవాళ్లలో ఎవరున్నారు ఆ చదువు చదివినవాళ్లు?"

వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇంజనీర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, బి.కాం. వాళ్లకు లోటు లేదు, అమెరికాలో కంప్యూటర్ పనిచేసేవాళ్లు ముగ్గురు తేలారు. భూగర్భశాస్త్రం ఒక్కరు కూడా లేరు. ఈ ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో మాత్రం, కోర్సు పేరు రాయవలసిన గడిలో జియాలజీ అని రాసినవి రెండు చూశాను.